తోట పుస్తకం

ఆ సోమవారం పొద్దున ఆ ఇంట్లో ఉన్నది ఏడుగురు. వంటగది గుమ్మంలో నిలబడి గ్లాసులు తుడుస్తున్న పిన్ని. నడుం పట్టేసి పది రోజులుగా మంచం దిగని బాబాయి. ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్న ఆయన తల్లి, మామ్మ. పక్క తోట టోపీ మావయ్య. ఎండైనా వానైనా, ఇంటి లోపలైనా నెత్తి మీది టోపీ తియ్యడు కాబట్టి అందరికీ టోపీయే. నగరంలోంచి వచ్చిన టీచరమ్మ. ఆమె వెనకే కొలత టేపు పట్టుకుని వచ్చిన అద్దాలాయన. ఏడో మనిషి పిన్ని అక్క కూతురు. కొత్తవాళ్ళెవరైనా లెక్కపెడితే ఆరు దగ్గరే ఆపేసేవారు. ఆ అమ్మాయి బీరువాకీ గోడకీ మధ్య ఉన్న జానెడు సందులో నిలబడి ఉంది.

"ఉన్నవి రెండే కుర్చీలు మేడం గారూ. అందులో ఒకటి కుంటిది. దాని మీద కూర్చోవడం మా ఆయనకే చేతనవును. మీరు ఇటు రండి," అంది పిన్ని.

"నేనేమన్నా చుట్టాన్నా చెల్లెమ్మా? నీ గోనెసంచుల మీద కూర్చుని ఎన్ని టీలు తాగలేదు!" అని టీచరమ్మ నిజంగానే మూలనున్న ఎరువు సంచి మీద కూర్చుంది. అద్దాలాయన మాత్రం మంచి కుర్చీ చూసుకుని కూర్చున్నాడు.

"అంతా ఈవిడ పాలకూరతోనే మొదలైందటగా?" అన్నాడాయన, పిన్ని చేతిలోంచి టీ గ్లాసు అందుకుంటూ.

జవాబు టోపీ చెప్పాడు. "మొదట్లో కొనేది ఏడుగురు మనుషులు సార్. రెండు గంపలు. బడి గోడ నీడ. అంతే! దగ్గర్లో పండిందే తిందాం, మందు కొట్టనిదే తిందాం అని టీచరమ్మ గారు కనిపించినవాళ్ళకల్లా చెప్పేవారు. జనం ఈవిడ్ని చూసి నవ్వేవాళ్ళు, మమ్మల్ని చూసి జాలిపడేవాళ్ళు. ఇప్పుడో, పదకొండు వందల ఇళ్ళు! పొద్దున ఎనిమిదికి వస్తే ఆకు కూడా మిగలదు."

"పురుగు కొరికిన ఆకే కావాలంటారు," అంది మామ్మ చిక్కుడుకాయ పీచు తీస్తూ. "పురుగు కనబడితే మాత్రం కెవ్వుమంటారు. చిల్లు పొడిచి వెళ్ళిపోయిన పురుగు కావాలి వాళ్ళకి."

అందరూ నవ్వారు. నవ్వు ఆగాక అద్దాలాయన వచ్చిన పని చెప్పాడు. బడి గోడ నీడ ఇక చాలదు. కూరలు కొనే ఆ ఇళ్ళవాళ్ళ సంఘం పాత బస్సుల షెడ్డు ఒకటి తీసుకుంది. వచ్చే ఆదివారం అక్కడ సంత తెరుస్తారు. ముప్ఫై తోటలకి శాశ్వతంగా చోటు ఇస్తారు. ఐదు తోటలది ఒక జట్టు. ఒకరి తోట ఒకరు చూసి, సరిగ్గా ఉందని సంతకం పెట్టాలి. మందు కొట్టకూడదు, మురుగు నీళ్ళు పెట్టకూడదు. రోజూ ఏం వేశారో, ఏం చల్లారో, ఏం నీళ్ళు పెట్టారో తోట పుస్తకంలో రాయాలి. శనివారం పుస్తకాలు చూసి చోట్లు ఇస్తారు. జట్టులో ఒక్క తోట నియమం తప్పినా ఐదింటికీ చోటు పోతుంది.

"ఒకడు తుమ్మితే ఐదుగురికీ జలుబన్నమాట," అంది మామ్మ.

"అంతేనండి," అన్నాడాయన నవ్వకుండా. తర్వాత కిటికీలో ఉన్న పుస్తకం తీసి పేజీలు తిప్పాడు. "మామూలే. మామూలే. మామూలే. మామూలే. ఆదివారం, కాస్త నడుం నొప్పి. మామూలే."

ఈసారి బాబాయి కూడా నవ్వబోయి, నడుం పట్టుకుని ఆగిపోయాడు.

"ఇలా అయితే కష్టం చెల్లెమ్మా," అంది టీచరమ్మ. "ఈ ఇంట్లో బాగా రాయగలిగేవాళ్ళు ఎవరూ లేరా?"

పిన్ని గ్లాసు పక్కన పెట్టి, బీరువా సందులో చెయ్యిపెట్టి, గంప కింద దాక్కున్న కోడిపిల్లని తీసినట్టు ఆ అమ్మాయిని బయటికి లాగింది. "మా అక్క కూతురు. వాళ్ళ బళ్ళో మొదటి మార్కు దీనిదే. ఇక్కడ కాలేజీలో చేర్పిస్తానని తెచ్చుకున్నా. చదువంతా వెంట తెచ్చుకుంది, నోరు మాత్రం ఊళ్ళో మర్చిపోయి వచ్చింది."

"ఉప్పు కావాలన్నా చీటీ రాసి పెడుతుంది," అంది మామ్మ. "మా కోడలికి చదవడం రాదాయె. ఆ చీటీ పట్టుకుని నా కొడుకు దగ్గరికి పరిగెత్తి చదివించుకుని వచ్చేసరికి అన్నం చల్లారిపోతుంది."

ఆ అమ్మాయికి చెవులు వేడెక్కాయి. టీచరమ్మ నవ్వలేదు. పుస్తకం తీసి ఆమె రెండు చేతుల్లో పెట్టింది. "చూసింది చూసినట్టు రాయమ్మా. ఇంకెవరి కోసమూ కాదు, నిజం కోసం రాయి. నాకు కావలసింది అంతే."

అలాంటి మాట ఆ అమ్మాయితో అంతవరకూ ఎవరూ అనలేదు. బళ్ళో రాసిందల్లా పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే. చూసింది రాయమని ఎవరడుగుతారు?

ఆ సాయంత్రమే ఆమె మొదటి పేజీ నింపేసింది. ఏడుగురు ఎక్కడెక్కడ కూర్చున్నారో కూడా రాసింది. తోట పుస్తకానికి కుర్చీలతో పనేమిటని ఆమెకి తట్టలేదు. మర్నాడు అటుగా వెళ్తూ టీచరమ్మ రోడ్డు మీదే ఆగి ఆ పేజీ చదివింది. కుంటి కుర్చీ దగ్గర గట్టిగా నవ్వింది. "ఇదే! ఇలాగే రాయి," అని ఆమె భుజం తట్టి వెళ్ళిపోయింది. ఆ భుజం సాయంత్రం దాకా బరువుగా, హాయిగా ఉంది.

మంగళవారం పాలకూర కోత. ఆదివారానికి కావలసిన మూడు మళ్ళు వదిలి, నాలుగో మడిలో ఇంటికీ, ఇరుగుపొరుగుకీ కోశారు. పిన్ని మడమల మీద కూర్చుని, ఎడమచేత్తో కాడల్ని ఒక గుప్పిటకి తెచ్చి, కొడవలి మొన మట్టిని తాకీ తాకకుండా లాగేది. మొదట్లో రెండు వేళ్ళ ఎత్తు వదిలెయ్యాలి. లేకపోతే మళ్ళీ చిగురించదు. కట్ట కట్టడానికి రబ్బరు వాడకూడదని సంఘం నియమం. తడిపిన గడ్డిపోచని రెండు చుట్లు చుట్టి, చివర లోపలికి దోపి, బొటనవేలితో ఒక నొక్కు నొక్కితే ముడి పడకుండానే నిలిచేది. ఆ అమ్మాయి కట్టిన కట్టలు మాత్రం గంపలో పెట్టేసరికి విడిపోయేవి.

"లాగి కట్టకే, ఉరి వెయ్యట్లేదు మనం," అంది పిన్ని. "ఇదిగో, ఇలా. పోచకి కూడా కాస్త ఊపిరి ఆడాలి." తర్వాత తలెత్తకుండానే అంది, "సోమవారం కాలేజీకి వెళ్దాం. ఫారం నువ్వే అడగాలి. నేను పక్కన నిలబడతానంతే. చీటీ రాశావో, అక్కడే వదిలేసి వచ్చేస్తా."

ఆ అమ్మాయి తలూపింది.

"తలకాయ కాదు. నోరు."

"ఊఁ," అంది ఆమె.

"ఊఁ అట! ఇంత పెద్ద ఉపన్యాసం ఇస్తే గొంతు పోదూ?" అని పిన్ని నవ్వుతూ తడి చేత్తో ఆమె బుగ్గ మీద మట్టి పూసింది.

బుధవారం మధ్యాహ్నం మోటారు చప్పుడు మారింది. బావిలో నీళ్ళున్నంతసేపూ గుర్రుపెట్టి నిద్రపోయే మనిషిలా ఉండే మోటారు, ఒక్కసారిగా పొడిదగ్గు అందుకుంది. గొట్టంలోంచి నీళ్ళు కాస్త, గాలి కాస్త వచ్చి, తర్వాత గాలే మిగిలింది. పిన్ని మోటారు ఆపి బావిలోకి వంగి చూసింది. అడుగున మట్టిరంగు కన్నొకటి మెరుస్తోంది.

"ఊరుతుందిలే, రెండు రోజులు పడుతుంది," అన్నాడు బాబాయి మంచం మీదనుంచే.

రెండు రోజులు ఆగితే ఆదివారానికి ఏముంటుంది? మూడు మళ్ళలోనూ ఆకులు అప్పటికే చెవులు వేలాడేశాయి. పిన్ని మళ్ళ చుట్టూ రెండుసార్లు తిరిగింది. ఒక ఆకు పట్టుకుని వేళ్ళ మధ్య నలిపింది. గట్టు మీద టోపీ పార భుజాన వేసుకుని వస్తున్నాడు.

"ఏం చెల్లాయ్, ఇంకా ఆలోచిస్తున్నావా? నేను పొద్దునే తూము తీశా," అన్నాడు.

"ఈ వారం వద్దనుకున్నా అన్నయ్యా."

"ఏ వారం కావాలనుకున్నాం చెప్పు? ఎండల్లో రెండు తడులు కాలవే. ఐదు తోటలదీ అదే కథ. ఇదేమన్నా కొత్తా?"

కాలవ నగరం వైపు నుంచి వచ్చేది. వరుస ఇళ్ళ పెరటి గోడల వెనక నుంచి, బట్టలకి రంగులద్దే షెడ్డు పక్కనుంచి, రోడ్డు కింది గొట్టంలో దూరి తోటల వెనక తేలేది. సాయంత్రం ఐదింటికి పిన్ని తూము పలక ఎత్తింది. నీళ్ళు ముందు సందేహిస్తున్నట్టు ఆగి, తర్వాత బోదెలోకి దిగాయి. పిన్ని మొహం పక్కకి తిప్పుకుంది. పారతో మట్టి అటు ఇటు లాగుతూ, నీళ్ళు ఆకుకి తగలకుండా మొదళ్ళకే అందేలా చూసింది. మూడో మడి తడిసే సమయానికి ఆకులు మెల్లగా తల ఎత్తుతున్నాయి.

ఆ అమ్మాయి గట్టు మీద కూర్చుని నురగ చూసింది. తెల్లగా లేదు. లేత ఊదా రంగు. వంకాయ పువ్వులాగా అనుకుంది. కాదు, అంతకంటే లేత. సిరా మరక ఉతికాక మిగిలే రంగు. ఆ పోలిక దొరికాక ఆమెకి ఏదో పారేసుకున్నది దొరికినట్టు అనిపించింది.

వరండాలో దీపం పెట్టుకోకముందే, ఇంకా వెలుగుండగానే ఆమె పుస్తకం తెరిచింది. పిన్ని పక్కనే కూర్చుని కాళ్ళకంటిన బురద పుల్లతో గీరుకుంటోంది. ఆ అమ్మాయి గొంతులోకి ఒక ప్రశ్న వచ్చింది. పిన్నీ, కాలవ సంగతి రాయనా? అంతే, నాలుగు మాటలు. అవి నాలుక దాకా వచ్చి, ఎప్పటిలాగే అక్కడ కూర్చుండిపోయాయి. మింగితే దిగలేదు, అందామంటే రాలేదు. ఆమె చూపు కాగితం మీదికి తిప్పుకుంది. నోరు అడగలేకపోయినదానికి చెయ్యి జవాబు రాసేసింది. రాస్తున్నంతసేపూ రోడ్డు మీద ఆగి చదువుతున్న టీచరమ్మ మొహం కళ్ళ ముందు ఉంది.

"అన్నీ రాశావా?" అంది పిన్ని.

ఆమె తలూపింది.

"తే, సంతకం పెడతా." పిన్ని చేతులు తుడుచుకుని పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. ఆమెకి వచ్చిన రాత అదొక్కటే, తన పేరులోని మూడు అక్షరాలు. నాలుక కొస పళ్ళ మధ్య పెట్టి, నారు నాటినట్టు ఒక్కొక్కటే గీసింది. చివరి అక్షరం ఊదా రంగు నురగ అన్న మాటకి సరిగ్గా కింద పడింది.

ఆ పూటకి నాలుగో మడి పాలకూర అయిపోవడంతో, మూడో మడిలోదే రెండు గుప్పిళ్ళు తెచ్చి పిన్ని వండింది. అందరూ అదే తిన్నారు.

శుక్రవారం జట్టు తనిఖీకి టోపీ వచ్చాడు. ఎరువు గుంటలో చెయ్యిపెట్టి, గుప్పెడు తీసి వాసన చూశాడు. ఆకులు తిరగేసి చూశాడు. తర్వాత పుస్తకం తిప్పాడు. "అబ్బో, ముత్యాలే! ఇంత రాత నేను చదవడానికి కూర్చుంటే నా టమాటాలు ఎవరు కోస్తారే కోడలా?" అని అడుగున చకచకా సంతకం పెట్టేశాడు. తోట చూశాడు, మనిషిని ఎరుగును. ఇంకేం చదవాలి?

శనివారం పొద్దున బస్సుల షెడ్డు కొత్త సున్నం వాసన వేస్తోంది. నేల మీద ముగ్గురాళ్ళ పొడితో ముప్ఫై చోట్లు గీసి ఉన్నాయి. రేపటికి బల్లలు వస్తాయి. ఇవాళ తోటలవాళ్ళు గోనెసంచులు పరుచుకుని, తెచ్చినవి కాస్త కాస్త పేర్చుకున్నారు. సంఘం సభ్యులు వందమందికి పైగానే వచ్చారు. చేతుల్లో గుడ్డ సంచులు, ఎదకి కట్టుకున్న పసిపిల్లలు, సైకిళ్ళు. బాబాయి నడుముకి పట్టీ బిగించుకుని కర్రతో వచ్చాడు. పిన్ని కట్టలన్నీ తలలు పైకి వచ్చేలా తడి సంచి మీద నిలబెట్టింది. అవి నిగనిగలాడుతున్నాయి.

ద్వారం పక్కనున్న మొదటి గీతలో అద్దాలాయన నిలబడి, "ఇది మీకే అనుకుంటున్నాం. మొదలుపెట్టింది మీరు కదా," అన్నాడు. పిన్ని ఆ గీత దాటకుండా అంచున నిలబడి, లోపలి నేలని చూసింది. చెప్పుతో ఒకసారి తట్టింది.

పుస్తకాలన్నీ పోగుపడ్డాక టీచరమ్మ ఒక చెక్కపెట్టె ఎక్కింది. "పుస్తకం ఎలా రాయాలని చాలామంది అడుగుతున్నారు. నేను చెప్పడం ఎందుకు, ఒకటి చదువుతా వినండి. రాసింది చిన్నపిల్ల," అంది. ఆమె చేతిలో ఉన్న పుస్తకం అట్ట చిరుగు చూసి ఆ అమ్మాయి స్తంభం వెనక్కి జరిగింది. సిగ్గుతో, సంతోషంతో.

కుంటి కుర్చీ దగ్గర అందరూ నవ్వారు. మామ్మ చెప్పిన పురుగు మాట దగ్గర ఇంకా గట్టిగా నవ్వారు. పోచకి ఊపిరి ఆడాలి అన్నచోట ఎవరో చప్పట్లు కొట్టారు. పిన్ని ఇటూ అటూ చూసి, స్తంభం వెనకున్న పిల్లని చూపుతో పట్టుకుని, చూశావా అన్నట్టు కనుబొమలు ఎగరేసింది. టీచరమ్మ పేజీ తిప్పింది. ఆమె మొదటి పేజీలు తప్ప చదవలేదు. అయినా బళ్ళో పాఠం చదివినట్టే, గొంతు పెంచి, తగ్గించి, ఆగాల్సిన చోట ఆగి చదువుతోంది.

"బుధవారం. మోటారుకి పొడిదగ్గు వచ్చింది." నవ్వులు. "బావి అడుగున ఒక్క కన్ను మిగిలింది. ఆకులు చెవులు వేలాడేశాయి. సాయంత్రం ఐదింటికి పిన్ని కాలవ తూము తీసింది. మూడు మళ్ళకీ కాలవ నీళ్ళు పెట్టాం. టోపీ మావయ్య పొద్దునే పెట్టాడు. నురగ తెల్లగా లేదు. లేత ఊదా..."

అక్కడ ఆమె గొంతు ఆగింది. రంగు అన్న మాట ఆమె పెదాల మీదే ఉండిపోయింది.

షెడ్డు రేకుల మీద పావురాలు నడుస్తున్న చప్పుడు వినపడింది. పిన్ని సంచి ముందు ఒకామె కట్ట ఎత్తి చూస్తోంది. మెల్లగా దాన్ని దించింది. చెయ్యి బట్టలకి తుడుచుకుంది. ఒకసారి కాదు, రెండుసార్లు.

"ఆ కాలవా?" అంది వెనకనుంచి ఇంకొకామె. "ఆ పాలకూరేనా మా పాపకి పెడుతున్నది?"

ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. ఆ గోలలో బాబాయి పిన్ని చెవి దగ్గరికి వంగి, "పిల్ల తెలీక ఏదో రాసిందను. కథలు రాసే అలవాటను. పోతుంది," అన్నాడు. స్తంభం వెనకున్న అమ్మాయికి ఆ మాట స్పష్టంగా వినిపించింది. పిన్ని అటు చూసింది. ఈసారి కనుబొమలు ఎగరలేదు.

అద్దాలాయన దగ్గరికి వచ్చాడు. "ఇది నిజమేనా అండీ?"

"నిజమే," అంది పిన్ని. "పెట్టాను. పిల్ల ఉన్నదే రాసింది."

"సంతకం మీదేనా?"

"నాదే."

టోపీ మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. ఆ రోజు మొదటిసారి అందరూ ఆయన తల చూశారు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నుదుటికి పైనంతా పసిపిల్లాడి తలలా తెల్లగా ఉంది. "కాలవలో నీళ్ళు మేం పోసుకున్నామా? అవి ఎవరి వంటింట్లోవి, ఎవరి బట్టల రంగు? అన్నీ మీ పెరటి గోడల వెనకనుంచి వచ్చేవే కదా. మీరు వదిలిందే మీ పళ్ళెంలోకి వచ్చింది. మధ్యలో మేం దొంగలమయ్యాం!"

"నీళ్ళ సంగతి వేరే చర్చ," అన్నాడు అద్దాలాయన. "నియమం నియమమే. అందరూ విన్నాక ఇంక నా చేతుల్లో ఏముంది?" ఆయన మాటలో కోపం లేదు.

టీచరమ్మ పెట్టె దిగి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మీరు నాతో ముందే చెప్పి ఉండాల్సిందండీ," అంది పిన్నితో.

పిన్ని ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. చెల్లెమ్మా, నువ్వు అన్న పిలుపు ఎటు పోయిందో వెతుకుతున్నట్టు. తర్వాత వంగి కట్టలు గంపలో సర్దడం మొదలుపెట్టింది. ఐదు తోటలవాళ్ళు ఐదు గంపలతో వరుసగా బయటికి నడిచారు. ద్వారం పక్క గీత లోపలికి, లోతు బోరు ఉన్న ఇంకో తోటాయన గోనె లాగుతున్నాడు.

ఇంటికొచ్చాక పిన్ని ఎరువు గుంట పక్కన గంప దించి, మడమల మీద కూర్చుంది. ఒక్కో కట్ట తీసి, దోపిన గడ్డిపోచ కొస బయటికి లాగి, ఆకుని గుంటలో వేసి, పోచని పక్కన పెట్టింది. ఇంకో కట్ట. ఇంకో పోచ. అంతా అలాగే పారెయ్యొచ్చు కదా అని మామ్మ కూడా అనలేదు. ఆ అమ్మాయి వచ్చి ఎదురుగా కూర్చుని తనూ ఒక కట్ట విప్పింది. పిన్ని వద్దనలేదు, రమ్మనలేదు. గట్టు మీదుగా టోపీ భార్య వెళ్తూ, "మా ఇంటి సంగతులు కూడా ఏమన్నా మిగిలితే రాయించండి వదినా, అచ్చు వేయిద్దాం," అని ఆగకుండా వెళ్ళిపోయింది.

గంప సగమయ్యాక పిన్ని అంది. "పక్కనే కూర్చుని రాశావు. నా చేతే సంతకం పెట్టించావు."

ఆ అమ్మాయి చేతిలో పోచ తెగింది.

"ఒక్క మాట అడిగుంటే ఏం పోయేదే? రాయొద్దనేదాన్నో, రాయమనేదాన్నో నాకే తెలీదు. ఆ నీళ్ళు పెట్టిన రాత్రంతా నాకూ నిద్ర పట్టలేదు. కానీ అది తేల్చుకోవాల్సింది నేను కదా? నా బదులు నువ్వు తేల్చేశావు. అదీ నాకు చదవడం రాని రాతలో."

పిన్ని ఇంకో కట్ట తీసుకుంది.

ఆదివారం తెల్లవారగానే ఆ అమ్మాయి ఎవరికీ చెప్పకుండా బయల్దేరింది. టీచరమ్మ ఇల్లు రెండు గంటల నడక. రెండో అంతస్తులో, మెట్ల పొడుగునా కుండీలు. ప్రతి కుండీలో ఏదో ఒక కూర మొక్క. వంటింటి గొట్టం గోడ వెంట కిందికి దిగి మురిక్కాలవలోకి వంగి ఉంది. ఆమె దాన్ని చూసింది. ఎవరో గిన్నెలు కడుగుతున్నట్టున్నారు, గొట్టం చివర నురగ వస్తోంది.

టీచరమ్మ సంతకి వెళ్ళే తొందరలో, చెప్పులు వేసుకుంటూ తలుపు తీసింది. ఆ అమ్మాయి దారంతా ఒకే మాట వల్లె వేసుకుంటూ వచ్చింది. తీరా ఆ మొహం కనిపించాక అది కూడా పోయింది. జేబులోంచి చీటీ తీసి ఇచ్చింది. 'కాలవ నీళ్ళు పెట్టలేదు. అందంగా ఉంటుందని నేనే కల్పించి రాశాను. పిన్నికి చోటు ఇచ్చెయ్యండి.'

టీచరమ్మ చదివింది. రెండోసారి చదివింది. మొహంలో ఏదో పక్కకి జరిగింది.

"నిన్నెవరు పంపారమ్మా? మీ పిన్నేనా?"

కాదు అన్నది రెండక్షరాలు. ఆ అమ్మాయి నోరు తెరిచింది. చప్పుడు రాలేదు. తల అడ్డంగా ఊపేసరికి టీచరమ్మ అప్పటికే కళ్ళు మూసుకుని నిట్టూర్చింది.

"అందరి ముందూ ఒప్పుకుని, ఇంటికెళ్ళి పసిదాని చేత ఇలా రాయించిందా? ఆమె ఇలాంటి మనిషని నేను..." మాట మింగేసి ఆమె లోపలికి వెళ్ళి, కొత్త పుస్తకం ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది. "నువ్వు తప్పు చెయ్యలేదు. చూసింది చూసినట్టు రాశావు. నీలాంటివాళ్ళే మాకు కావాలి. కాలేజీలో చేరాక ఆదివారాలు రా, తోటలన్నీ తిరిగి పుస్తకాలు చూద్దువుగాని. ఎవరికీ భయపడకు. మీ ఇంట్లో నేను మాట్లాడతా." ఫోను వెతుక్కుంటూనే ఆమె మెట్లు దిగింది.

తిరుగు దారిలో బస్సుల షెడ్డు ముందు జనం రోడ్డు దాకా వరుస కట్టి ఉన్నారు. ఎవరో డప్పు వాయిస్తున్నారు. ఆ అమ్మాయి ఎదుటి పక్కనుంచి తల వంచుకుని నడిచింది. ఎండ ఎక్కింది. నడుస్తూ నడుస్తూ ఆమె పెదాలు కదిపి చూసుకుంది. పిన్నీ, నువ్వు పంపలేదని చెప్దామనుకున్నా. పిన్నీ, నాకు మాట రాలేదు. ఎవరూ లేని చోట అవి ఎంత తేలిగ్గా వస్తున్నాయి! కాలవ వంతెన మీద ఆగి ఒకసారి బయటికే అంది. గొంతు బాగానే ఉంది.

ఇంటి తలుపు ఓరగా తీసి ఉంది. ఆమె మెట్టెక్కేసరికి పిన్ని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఒక చెయ్యి తలుపు మీద ఉంది. లోపల మంచం మీద ఫోను ఉంది, దాని పక్కన బాబాయి అటు తిరిగి కూర్చున్నాడు.

"నేను పంపానని అన్నావా?" అంది పిన్ని. గట్టిగా అనలేదు.

ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

"మరి పంపలేదని చెప్పావా?"

తల ఎటూ కదల్లేదు.

"దొంగననిపించుకున్నా, ఊరుకున్నా. నిన్ను అబద్ధాలకోరని అనిపించడం ఇష్టం లేక. ఇప్పుడు నేను పిల్లల చేత అబద్ధాలు చెప్పించేదాన్ని కూడా అయ్యాను." పిన్ని చూపు ఆమె చంకలోని కొత్త పుస్తకం మీద ఆగింది. అక్కణ్నుంచి మొహం మీదికి వచ్చింది. "చెప్పు. ఏం జరిగిందో చెప్పు. ఎంత సేపైనా నిలబడతా. నోటితో చెప్పు."

"పిల్లని లోపలికి రానియ్యవే," అంది లోపలినుంచి మామ్మ. పిన్ని కదల్లేదు.

ఆమె నిజంగానే నిలబడింది. వంతెన మీద అన్న మాటలన్నీ ఆ అమ్మాయికి వరసగా గుర్తున్నాయి. పిన్నీ అన్నదగ్గర మొదలుపెట్టాలి. నోరు తెరిచింది. ఆ ఒక్క పిలుపే రాలేదు. పిన్ని మొహంలో కోపం కాదు, ఆశ ఉంది. మడి తల ఎత్తుతుందా అని చూసినప్పటిలాంటిది. ఏం చేస్తున్నదో తెలియకుండానే ఆమె కుడిచెయ్యి జేబులోకి వెళ్ళి, కలం కోసం తడుముకుంది.

పిన్ని ఆ చేతిని చూసి, తలుపు వేసేసింది.